గ్లౌజులు ఓకే

మంగలి కుర్చీలో కూర్చున్న మనిషి చెంప మీద సబ్బు నురుగు ఇంకా ఆరలేదు. మంగలి వేడినీళ్ళ కోసం లోపలికి వెళ్ళి వచ్చేసరికి ఆ మనిషి ప్రాణం పోయింది. మెడ మీద చిన్న సూది గుర్తు. వీధి తలుపుకి కట్టిన గంట ఇంకా ఊగుతూనే ఉంది.

చనిపోయినతను సీక్రెట్ సర్వీస్ మనిషి. విదేశీ ముఠాలో గుమస్తాగా చేరి, వాళ్ళ కబుర్లన్నీ మోసుకొచ్చేవాడు. ఆఫీసులో అందరూ అతన్ని 'చెవి' అనేవాళ్ళు. గడ్డం గీయించుకోవడానికి వెళ్ళే ముందు, పక్క వీధిలోంచి ఆఫీసుకి ఫోన్ చేశాడు. ఆ టేపే ఇప్పుడు చీఫ్ గదిలో తిరుగుతోంది.

"అంతరిక్ష నౌక దిగేటప్పుడు లోపలి గాలి పోయేలా చేశారు. వాల్వ్‌లో ఏదో పెట్టారు. ముగ్గురూ పోతారని ముఠాలో పందేలు కాస్తున్నారు. ఎవరో వస్తున్నారు, పెట్టేస్తున్నా."

టేపు ఆగింది. చీఫ్‌కి ఎదురుగా కూర్చున్న ఏజెంట్ ఆవులించాడు.

సర్వీస్ అతనికి ఇచ్చిన కోడ్ నేమ్ 'మెరుపు'. ఆ పేరుతో పిలిచిన పాపాన ఎవరూ పోలేదు. ప్రమాదం దగ్గరపడేకొద్దీ అతనికి ఆవులింతలు ఎక్కువవుతాయి. అందుకని 'ఆవులింత' అనే పేరే స్థిరపడింది. అతను కూడా ఆ పేరుకే పలుకుతాడు. వేరే పేరుకి పలికే ఓపిక లేదు.

"నేను సెలవు అడిగాను సార్," అన్నాడు.

"అడిగావు. నేను ఇవ్వలేదు," అన్నాడు చీఫ్.

"మా మేనకోడలు ఇవాళ సాయంత్రం దిగుతోంది. అక్క పక్కన కూర్చుని టీవీలో చూద్దామనుకున్నాను."

"తెలుసయ్యా. ఆ నౌక నడిపేది మీ మేనకోడలే కదా. అందుకే ఈ పని ఇంకొకళ్ళకి ఇవ్వలేదు. ఇవాళ ఒక్కరోజైనా నువ్వు మెలకువగా ఉంటావని."

ఆవులింత కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచాడు. తుడిచినకొద్దీ అద్దాలు ఇంకా మసకబారాయి.

చీఫ్ బ్రీఫింగ్ మొదలుపెట్టాడు. కక్ష్యలో ఉన్న నౌక కిందికి వచ్చే ముందు రెండుగా విడిపోతుంది. ముగ్గురు మనుషులున్న క్యాప్సూల్ ఒకవైపు, ఇంజను ఒకవైపు. విడిపోయేటప్పుడు పెద్ద కుదుపు వస్తుంది. ఆ కుదుపుకి వాల్వ్ తెరుచుకుంటుంది. బయట గాలి అనేదే లేదు కాబట్టి, లోపలున్నది మొత్తం లాగేసినట్టు పోతుంది.

"దించడం ఆపలేమా?"

"ఆక్సిజన్ అడుగంటింది. ఇవాళ దిగి తీరాలి. వాల్వ్ ఉన్నది బయటి గోడలో. లోపలివాళ్ళ చెయ్యి అందదు."

"ఇంజనీర్లేమన్నారు?"

"నవ్వారు. సూట్లు ఉన్నది ఎందుకండీ అన్నారు. గాలి పోయిందా, వెంటనే సూటు ఉబ్బి లోపల గాలి పట్టి ఉంచుతుందట. హెల్మెట్ అద్దం మూసి, గ్లౌజులు బిగించుకుంటే చాలట. వాల్వ్ తెరుచుకున్నా ముగ్గురూ క్షేమంగా దిగుతారట."

"మరి ఈ సంగతి ముఠాకి తెలియదంటారా?"

"అదే నన్ను తినేస్తోంది. తెలిసి కూడా పందేలు కాస్తున్నారంటే, సూట్లు కాపాడవని వాళ్ళకి గట్టి నమ్మకం. ఎందుకా నమ్మకం? అది కనుక్కో. నౌక రెండుగా విడిపోయేలోపు."

కింద స్టోర్స్‌లో గుమస్తా సామాను ఇచ్చాడు. చొక్కా గుండీలో కెమెరా. మత్తుమందు చిమ్మే పెన్ను. ఏసీ మెకానిక్ యూనిఫాం. ఒక మీసం.

"ఇది పోయినసారి వాడిన మీసమే కదా?" అన్నాడు ఆవులింత.

"ఉతికించాం సార్," అన్నాడు గుమస్తా.

స్పేస్ సెంటర్‌లో సూట్ల విభాగం కింది అంతస్తులో ఉంది. పొడుగాటి గది. గోడ వెంట తెల్లటి సూట్లు తలల్లేని మనుషుల్లా వేలాడుతున్నాయి. అక్కడ పనిచేసేవాళ్ళంతా మెత్తటి గుడ్డ చెప్పులతో చప్పుడు లేకుండా నడుస్తారు. ఒక్కామె మాత్రం హైహీల్స్‌తో టకటకా నడుస్తోంది. నల్లకళ్ళద్దాలు, మెడలో రెండు వరసల ముత్యాలు. ఆ విభాగానికి ఆమే హెడ్డు. ప్రతి సూటూ ఆమె చేతి కొలతతోనే తయారవుతుంది.

ఆమెని సీక్రెట్ సర్వీస్ 'ముత్యం' అంటుంది. విదేశీ ముఠా ఏమంటుందో ఎవరికీ తెలియదు. రెండువైపులా జీతం తీసుకునే డబుల్ ఏజెంట్. ఒకసారి ఆవులింతని చేపల కోల్డ్ స్టోరేజీలో పెట్టి తాళం వేసింది. మర్నాడు తనే వచ్చి తాళం తీసి, వేడి కాఫీ ఇచ్చింది.

ఆవులింత ఏసీ మెషీను కింద స్టూలు వేసుకుని ఎక్కి, కోడ్ వర్డ్ అన్నాడు. "వాన ముందు వస్తుందా, గాలి ముందు వస్తుందా?"

"గొడుగు ఉన్నవాళ్ళు... అబ్బా, మిగతాది మర్చిపోయాను. దిగు. మీసం ఎడమవైపు ఊడింది," అంది ముత్యం.

అతను దిగాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఇద్దరి ముఖాల్లోనూ ఒకే రకం అలసట.

"సూట్లలో ఏం చేశావ్?"

"నేనా?" ఆమె ముఖం నిజంగానే ఎర్రబడింది. "ఏమన్నా అను, పడతాను. నా కుట్టుని అంటే మాత్రం ఊరుకోను. రా, చూపిస్తా."

పైకి పంపిన మూడు సూట్లకీ జతగా మూడు ఇక్కడ ఉన్నాయి. ఒకే గుడ్డ, ఒకే రోజు కుట్టు. ఆమె ఒకదానికి అద్దం మూసి, గ్లౌజులు బిగించింది. మణికట్టు దగ్గర లోహపు రింగు తిప్పగానే 'టక్' మని పడింది. గొట్టంతో గాలి ఎక్కించి, సూటుని నీళ్ళ తొట్టిలో ముంచింది. ఇద్దరూ తొట్టి మీదికి వంగి చూశారు. ఒక్క బుడగ కూడా రాలేదు. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"చాలా?" అంది ముత్యం.

చాలు. అదే అతన్ని భయపెట్టింది. సూట్లు ఇంత బాగుంటే, అవి కాపాడవని ముఠాకి అంత ధీమా ఎక్కణ్ణించి వచ్చినట్టు?

సూట్ల గది పక్కనే శిక్షణ హాలు. మధ్యలో నమూనా క్యాప్సూల్ ఉంది. పైకి వెళ్ళే ముందు ఆ ముగ్గురూ రెండేళ్ళపాటు అందులోనే కూర్చుని దిగడం సాధన చేశారు. ఆవులింత మోకాళ్ళు పట్టుకుని, మూలుగుతూ లోపలికి దూరి, మేనకోడలి సీట్లో కూర్చున్నాడు. చాలా ఇరుగ్గా ఉంది. ముందున్న ప్యానెల్ నిండా బఠాణీ గింజలంత స్విచ్‌లు. వేళ్ళు తగిలి తగిలి స్విచ్‌ల మీది అక్షరాలు చెరిగిపోయాయి. సీటు పిడికి రంగు పోయి ఇనుము బయటపడింది. బెల్టు బకిల్ వాడకానికి అద్దంలా మెరుస్తోంది.

సీటు పక్కన గ్లౌజులు తగిలించి ఉన్నాయి. అతను ఒకటి తీసి చూశాడు. వేళ్ళ చివరి రబ్బరు మీద గీత కూడా లేదు. అరచేతి దగ్గర, పెట్టెలో పెట్టినప్పటి మడత అలాగే ఉంది. వాసన చూశాడు. కొత్త చెప్పుల వాసన.

"ఇవి ఎప్పుడు మార్చారు?" అని లోపలి నుంచే అరిచాడు.

"మార్చలేదు. మొదటి రోజు పెట్టినవే," అంది ముత్యం బయటినుంచి.

"శిక్షణ వీడియో ఒకటి వెయ్యి. ఏదైనా సరే."

తెర మీద అతని మేనకోడలు కనిపించింది. హెల్మెట్ అద్దం నుదుటి మీదికి ఎత్తి ఉంది. నోట్లో బబుల్‌గమ్. ఉత్త చేతుల వేళ్ళు స్విచ్‌ల మీద పియానో వాయిస్తున్నట్టు పరిగెడుతున్నాయి. రేడియో అడిగింది. "గ్లౌజులు?"

"ఓకే," అంది మేనకోడలు, చేతులు చూసుకోకుండానే.

"అద్దం?"

"ఓకే."

మిగతా ఇద్దరూ అంతే. ఓకే, ఓకే. ఇంకో రోజు వీడియో వేశారు. ఇంకొకటి. ప్రతి రోజూ ఓకేనే. ఒక్క రోజు కూడా గ్లౌజు లేదు.

ఆవులింతకి విషయం అర్థమైంది. గ్లౌజు తొడుక్కుంటే వేలు రెండు స్విచ్‌ల మీద ఒకేసారి పడుతుంది. పని ఆలస్యమవుతుంది. ఆలస్యమైతే టీచర్లు తిడతారు. గ్లౌజు లేకపోతే మాత్రం ఎవరూ తిట్టరు. ఎందుకంటే ఈ హాల్లో ఏ రోజూ గాలి పోలేదు. ఎవరూ చావలేదు.

"సూట్లు బంగారంలా ఉన్నాయి. వేసుకునేవాళ్ళే సగం వేసుకుంటున్నారు. ఈ సంగతి ముఠాకి చెప్పిందెవరు?" అన్నాడు.

ముత్యం నల్లకళ్ళద్దాలు తీసింది. తీశాక ఆమె ఏ మూడో నాలుగో బస్సులు మారి ఇంటికి వెళ్ళే మనిషిలా కనిపించింది.

"నేనే," అంది. "శిక్షణలో ఏం చూస్తే అది చెప్పమన్నారు. చెప్పాను. అది కూడా రహస్యమేనా అనుకున్నాను. వాల్వ్ సంగతి నాకు చెప్పలేదు."

"అడగలేదా?"

"అడగలేదు."

"ఎవరికి చెప్పావ్?"

"డాక్టర్ గారికి. సిబ్బంది డాక్టరే ఇక్కడ ముఠా పెద్ద. పొద్దున రేడియోలో ఆ పిల్లలకి సలహా ఇచ్చాడు. లోపల వేడిగా ఉంటుంది, నేల తాకేదాకా అద్దం ఎత్తుకుని మంచినీళ్ళు తాగుతూ ఉండండమ్మా అని. ఎంత మంచి డాక్టరో అనుకున్నాను."

"నువ్వు ఎవరి మనిషివి, నిజం చెప్పు."

"అది నేనే మర్చిపోయి చాలా కాలమైంది." ఆమె వేలాడుతున్న సూటు భుజం సవరించింది. "మీ మేనకోడలికి కుడి భుజం కొంచెం ఎత్తు. కొలత తీస్తుంటే చక్కిలిగిలి అని ఒకటే గంతులు. ఆ పిల్ల చచ్చిపోవాలని నేను ఎవరికీ ఏమీ అమ్మలేదు."

"సరే, పద."

పరిగెత్తారు. లిఫ్ట్ పనిచెయ్యడం లేదు. హైహీల్స్ మీద ఆమె మెట్లెక్కి పైకి చేరేసరికి, అతను ఇంకా సగంలో నిలబడి మోకాలు రుద్దుకుంటున్నాడు.

కంట్రోల్ రూంలో అందరూ తెరలకి అతుక్కుపోయి ఉన్నారు. డైరెక్టర్ ముందున్న టీ చల్లారి మీగడ కట్టింది. నౌక విడిపోవడానికి ఇక కొద్ది నిమిషాలే ఉంది. ఆవులింత కార్డు చూపించి, రెండు ముక్కల్లో విషయం చెప్పాడు. డైరెక్టర్ రేడియో ఆఫీసర్ వైపు తిరిగాడు. "గ్లౌజులు, అద్దం అడుగు."

స్పీకర్లో ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు పలికారు. "గ్లౌజులు ఓకే. అద్దం ఓకే."

"విన్నారుగా?" అన్నాడు డైరెక్టర్.

"విన్నాను. అబద్ధం."

"ఎలా చెప్పగలరు? లోపలి కెమెరా కూడా ఆపేశాం, బ్యాటరీ కోసం."

"ఆ పిల్లని ఎత్తుకుని పెంచాను సార్. పళ్ళు తోముకున్నావా అంటే ఇలాగే, అడగడం పూర్తి కాకుండానే ఓకే అనేది. బ్రష్షు మాత్రం పొడిగా ఉండేది. ఒక్కసారి నన్ను మాట్లాడనివ్వండి."

"రేడియో ఆఫీసర్ తప్ప వేరేవాళ్ళు మాట్లాడకూడదు. అది రూలు."

వెనక నుంచి మెత్తటి గొంతు వినిపించింది. "డైరెక్టర్ గారు చెప్పింది నిజం బాబూ." నెరిసిన జుట్టు, చల్లని నవ్వు. సిబ్బంది డాక్టర్. "అమ్మాయి నాడి ఇప్పటికే వేగంగా ఉంది. ఈ టైములో ఇంటివాళ్ళ గొంతు వింటే కంగారుపడుతుంది. మీరు చాలా అలిసిపోయినట్టున్నారు. అలా కూర్చోండి." అంటూ ఆప్యాయంగా ఆవులింత భుజం మీద చెయ్యి వేశాడు. రెండో చెయ్యి కోటు జేబులోంచి బయటికి వచ్చింది. వేళ్ళ మధ్య సన్నటి సూది.

ఆవులింత తల తిప్పలేదు. తిప్పేంత సమయం లేదు. ముత్యం మాత్రం తన హైహీల్‌ని డాక్టర్ బూటు మీద పెట్టి, ఒంటి బరువంతా మోపింది.

డాక్టర్ కెవ్వుమన్నాడు. సూది నేల మీద పడి దొర్లింది. ఆవులింత మత్తుమందు పెన్ను తీసి అతని ముఖం మీదికి నొక్కాడు. సిరా వచ్చింది. స్టోర్స్ గుమస్తాని మనసులో తిట్టుకుంటూ, పెన్ను పారేసి, డాక్టర్‌ని కింద పడేసి మీద కూర్చున్నాడు. గార్డులు వచ్చి డాక్టర్‌ని పట్టుకున్నారు. ఎందుకైనా మంచిదని ముత్యాన్ని కూడా పట్టుకున్నారు.

డైరెక్టర్ నేల మీది సూదిని చూశాడు. నీలం సిరా కారుతున్న డాక్టర్ ముఖాన్ని చూశాడు. ఏమీ అనకుండా హెడ్‌సెట్ తీసి ఆవులింతకి ఇచ్చాడు.

"ఒసేయ్ బుడంకాయ్," అన్నాడు ఆవులింత.

స్పీకర్లో కాసేపు గరగర. తర్వాత, "మావయ్యా? నువ్వా? బీమా ఆఫీసులో ఉండాల్సినవాడివి అక్కడేం చేస్తున్నావ్?"

"తర్వాత చెప్తా. అద్దం మూసెయ్. ముగ్గురూ."

"మూసే ఉంది."

"బుడంకాయ్!"

గరగర. "...ఇప్పుడు మూశాం."

"గ్లౌజులు."

"మావయ్యా, గ్లౌజులు వేస్తే స్విచ్‌లు పడవు. పారాచూట్ స్విచ్‌కీ పక్కదానికీ మధ్య సందే లేదు. తప్పుది నొక్కితే అందరం రాయిలా పడతాం. నీకు తెలియదు, వదిలెయ్."

"పెన్సిల్ ఉందా నీ దగ్గర?"

"దారానికి కట్టి ఉంది."

"గ్లౌజు తొడుక్కుని దాన్ని గుప్పిట్లో పట్టుకో. మొనతో నొక్కు."

అవతల గొంతు మారింది. "మావయ్యా, ఏమైందసలు?"

అబద్ధం చెప్పడం అతని వృత్తి. ఇప్పుడు దానికి కూడా ఓపిక లేకపోయింది. "విడిపోగానే లోపలి గాలి పోతుంది తల్లీ. మొత్తం. వేసుకున్నవాళ్ళే బతుకుతారు. ఓకే అనొద్దు. రింగు తిప్పి, ఆ చప్పుడు వినిపించు."

స్పీకర్లో టక్. టక్. ఒకరివి అయ్యాయి. టక్, టక్. రెండో మనిషివి. తర్వాత ఒక్క టక్.

ఆ తర్వాత ఏమీ లేదు.

"ఇంకోటేదే?"

"ఎడమ చెయ్యి దూరట్లేదు. ఇక్కడికొచ్చాక వేళ్ళు వాచాయి. బిగుతు. మావయ్యా, పోవట్లేదు..."

"విడిపోతోంది," అన్నాడు ఎవరో తెర ముందు నుంచి.

ఆవులింత నోరు తెరిచాడు. మాట రాలేదు. ఆవులింత కూడా రాలేదు.

గార్డుల మధ్య నుంచి ముత్యం గొంతు చించుకుని అరిచింది. "బొటనవేలు అరచేతిలోకి మడవమను! చిటికెన వేలు కూడా! చెయ్యి సన్నం చేసి తోస్తే పోతుంది!"

అతను ఆ మాటల్నే తిరిగి అరిచాడు. స్పీకర్లో పళ్ళు బిగబట్టిన మూలుగు. గుడ్డ రాపిడి. ఎక్కడో దూరంగా పెద్ద పేలుడు లాంటి కుదుపు చప్పుడు. దానితోపాటే, దానికి ముందో వెనకో ఎవరూ చెప్పలేనట్టుగా, టక్.

తెర మీద క్యాప్సూల్ లోపలి గాలి చూపించే ముల్లు గబగబా పడిపోయి, సున్నా దగ్గర ఆగింది. చాలాసేపు గరగర తప్ప మరేమీ వినిపించలేదు.

"మావయ్యా," అంది స్పీకర్. గొంతు చిన్నగా, డబ్బాలోంచి వస్తున్నట్టుంది. "చేతులు పూరీల్లా ఉబ్బాయి. చలిగా ఉంది. ముగ్గురం ఉన్నాం."

డైరెక్టర్ చల్లారిన టీని మీగడతో సహా ఒక్క గుక్కలో తాగేశాడు. ఆవులింత కుర్చీ కోసం చూశాడు. దగ్గర్లో ఏదీ లేకపోతే, గోడకి ఆనుకుని నేల మీదే చతికిలబడ్డాడు.

క్యాప్సూల్ సాయంత్రం ఎండలో, ఖాళీ మైదానంలో దిగింది. పారాచూట్ స్విచ్ పెన్సిల్ మొనతోనే పడింది. డాక్టర్‌ని ఒక కారులో తీసుకెళ్ళారు. ముత్యాన్ని తీసుకెళ్ళాల్సిన కారు ఇంకా రాలేదు. ఆమె కారిడార్లో బెంచీ మీద సంకెళ్ళతో కూర్చుని, చెప్పులు విప్పి, బొబ్బలెక్కిన పాదాలు చూసుకుంటోంది. ఆవులింత వచ్చి ఆమె పక్కన కూలబడ్డాడు. ఎన్నేళ్ళ శిక్ష పడుతుందని ఆమె అడగలేదు. అతను కూడా చెప్పలేదు.

గోడ మీది స్పీకర్లో, మైదానం నుంచి అతని మేనకోడలు మాట్లాడుతోంది. నేల మీద కాలు పెట్టాక మీ మొదటి మాట ఏమిటని విలేకరి ఎవరో అడిగాడు.

"ఆ గ్లౌజులు కుట్టినవాళ్ళు ఎవరో నాకు చూపించండి," అంది ఆ పిల్ల. "ఎడమది ఎంత బిగుతో! వేళ్ళు కమిలిపోయాయి. అసలు ఎవరైనా తొడుక్కోవడానికేనా కుట్టింది?"

ముత్యం చాలాసేపు ఆ స్పీకర్ వైపే చూసింది.

"రెండేళ్ళలో ఒక్క ఫిర్యాదు కూడా రాకపోతే," అంది, "బాగా కుట్టాననుకున్నాను."